కొసరి వడ్డించే గిన్నె

నల్లపిల్లి మిరియం మళ్లీ కక్కింది. భ్రమరాంబ గుడ్డ పట్టుకొచ్చేలోపే తుడుపు మిషన్ సోఫా కిందనుంచి జరజరా వచ్చి, నేలంతా అద్దంలా చేసి వెళ్లిపోయింది. ఆ వెంటనే గోడవారనున్న గిన్నె తనంతట తనే గలగలమంటూ పిల్లితిండి గింజలతో నిండింది. పిల్లి ఆబగా దానిమీద పడింది.

భ్రమరాంబకు అనుమానం వచ్చింది. పిల్లి చూస్తే రోజురోజుకీ చిక్కిపోతోంది. డాక్టరేమో ఏ జబ్బూ లేదన్నాడు. మరి వేళకాని వేళ ఈ గిన్నె ఎందుకు నిండినట్టు?

"ఏమే గిన్నే, ఇప్పుడెందుకు పెట్టావ్?"

"తిన్నది కక్కేసిందని మిషన్ చెప్పిందండీ. ఖాళీ కడుపుతో ఉంచకూడదని పెద్దమ్మగారు నేర్పారు."

వంటింట్లోంచి అత్తగారు వర్ధనమ్మ తొంగిచూసింది. "అవును, నేనే చెప్పాను. నోరులేని జీవం, ఆకలితో ఉంటే పాపం కాదూ?"

"ఇది నింపడం, అది గబగబా మింగి కక్కడం, ఇది మళ్లీ నింపడం! పొద్దుట్నుంచీ ఇదే తంతు అత్తయ్యా."

వర్ధనమ్మ మొహం చిన్నబోయింది. గిన్నెను ఆపించి, కింద చతికిలబడి, వెడల్పాటి పళ్లెంలో చిటికెడు చిటికెడుగా గింజలు చల్లింది.

"నెమ్మదిగా తల్లీ, ఎవరూ లాక్కోరు."

మిరియం ఒక్కో గింజా ఏరుకుని తింది. మూతి నాక్కుని ఆవిడ ఒళ్లోనే ముడుచుకుంది. అత్తాకోడళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. ఎంతసేపటికీ ఏమీ కాలేదు.

తుడుపు మిషన్ మాత్రం ఉండబట్టలేక బయటికొచ్చింది. పళ్లెం చుట్టూ తిరిగి, పొడినేలను ఒకటికి రెండుసార్లు వెతికి, వర్ధనమ్మ ముందు ఆగింది.

"పిల్లికి ఇవాళ తిండి పెట్టలేదాండీ?"