ఏకగ్రీవం కాని ఊరు

రిబ్కాని చంపింది దశరథరామయ్య. కోర్టు కాదంది. జోజప్పకి కోర్టుతో పనిలేదు, ఆమె అతని భార్య.

ఐదేళ్ళ కిందట పంచాయతీ ఎన్నికల రోజు బడి మెట్ల మీద, "నీ ఓటు పడిపోయింది, ఇంటికి పో" అన్నారు ఆమెతో దశరథరామయ్య మనుషులు. "నా వేలికి సిరా ఏదండీ?" అంది. ఊరి పెత్తందారు దశరథరామయ్య తోశాడు. తల రాతిమెట్టుకి తగిలింది. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది. ఆవేళ వరసలో ఆమె వెనకే నిలబడ్డ జయకర్ తిరువూరు కోర్టులో బోనెక్కి, "కళ్ళు తిరిగి పడిందండి, ఎవరూ తోయలేదు" అన్నాడు. కేసు కొట్టేశారు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. సర్పంచి పదవి ఎస్సీలకు రిజర్వయింది. దశరథరామయ్య జయకర్ చేత నామినేషన్ వేయించాడు. ఇక ఏకగ్రీవమే అనుకుంది ఊరు. ఆఖరి రోజున జోజప్ప కూడా వేశాడు.

విరమించుకోవడానికి గడువు ఇవాళ మధ్యాహ్నం మూడింటికి. రెండున్నరకి పంచాయతీ ఆఫీసు వరండాలో అతణ్ణి పట్టుకున్నారు.

"ఏరా జోజప్పా, సంతకం పెట్టేసి పోరాదూ?" అన్నాడు దశరథరామయ్య.

"ఏరా అనకండి. పోటీలో ఉన్నవాణ్ణి."

రాజీ కుదర్చడానికొచ్చిన ట్రాక్టరు మెకానిక్కు సుభాని నవ్వాపుకున్నాడు.

"పంతం వదిలెయ్ అన్నా. తెల్లోళ్ళు పోయినప్పట్నించీ ఓట్లు లేకుండానే సర్పంచిని పెట్టుకున్న ఊరు మనది. ఒక్కసారి ఓట్లు పెడితే ఏమైందో చూశావుగా."

"చూశా. నువ్వూ చూశావు. కోర్టుకి రమ్మంటే నీకు ట్రాక్టరు పనొచ్చింది."

సుభాని తల దించుకున్నాడు.

"జరిగిందేదో జరిగింది," దశరథరామయ్య గొంతు తగ్గించాడు. "ఊరు ప్రశాంతంగా ఉండాలి. మీ పేటకి సిమెంటు రోడ్డు వేయిస్తా. రిబ్కా సమాధికి పాలరాయి పెట్టిస్తా."

"రాయి తగిలే పోయిందండి. ఇంకో రాయెందుకు?"

"మరేం కావాలి నీకు?"

"ఆ మెట్టు మీద నిలబడి, తోసింది నేనేనని ఊరందరికీ చెప్పండి. ఇప్పుడే సంతకం పెడతా."

దశరథరామయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"పోనీ, జయకర్ మొహం చూసైనా ఆగన్నా," అన్నాడు సుభాని. "వయసులో ఉన్నోడు, బాగుపడతాడు. వాడేం పరాయోడా?"

"అబద్ధం చెప్పినందుకు కుర్చీ ఇస్తున్నారు. కూర్చోమను. కాకపోతే ఓట్లు పడ్డాక."

"నువ్వు గెలవవు. సగం పేట ఈయనగారి మామిడితోటల్లోనే కూలికి పోతారు."

"గెలవక్కర్లేదు. పెట్టె పెట్టాలి. ఎవరి ఓటు వాళ్ళు వేసుకోవాలి. ఆవిడ అడిగింది అదే."

"నీ వల్ల ఊళ్ళో మళ్ళీ గొడవలొస్తే?" అన్నాడు దశరథరామయ్య.

"రానీండి. ఇన్నాళ్ళూ మీరు తోస్తుంటే మేం పడ్డాం. దాన్నే ప్రశాంతం అన్నారు."

లోపలినుంచి ఎన్నికల అధికారి కాగితాలతో వచ్చాడు.

"మూడయిందండి. ఎవరూ విరమించుకోలేదు. అభ్యర్థులు ఇద్దరు. పోలింగు జరుగుతుంది."

దశరథరామయ్య చెప్పులేసుకుని కారు వైపు నడిచాడు. గేటు దగ్గర నిలబడ్డ జయకర్ ఆయన వెనక వెళ్ళలేదు. జోజప్పకి ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. జోజప్ప పక్కకి తప్పుకుని, పేట వైపు సాగిపోయాడు.

జయకర్ తన కొడుకన్న మాట, కోర్టులో ఆ సాక్ష్యం విన్న రోజు నుంచీ అతను ఎత్తలేదు.