పక్క కౌంటీకి

“ఆ డ్వేన్‌గాడి బదిలీ కాగితం మీద సంతకం పెట్టావో, ఊరుకోను!” జైలు బయట షరతుల మీద ఉన్న నేరస్తుల్ని కనిపెట్టి చూసే ప్రొబేషన్ ఆఫీసర్ బల్ల చరిచింది వెర్నా. “తాగి కారు నడిపి నా కూతుర్ని చంపినవాడు పక్క కౌంటీకి పోయి హాయిగా ఉంటాడా? ఇక్కడే పడుండాలి. రోజూ నా మొహం చూసి చావాలి.”

రెండేళ్లుగా ఆమె ప్రతి పొద్దునా డ్వేన్ పనిచేసే డోనట్ల కొట్టుకు వెళ్లి, కూతురి ఫోటో ముందు పెట్టుకుని, వాడి చేతే కాఫీ పోయించుకుంటోంది.

“బదిలీ వద్దని ఇందాకే వచ్చి చెప్పి వెళ్లాడమ్మా,” అన్నాడు ఆఫీసర్.

“ఏం, ఎందుకట?”

“‘నేను పోతే, పొద్దున్నే లేచి పాపం ఆవిడ ఎక్కడికెళ్తుంది?’ అన్నాడు.”

వెర్నా మొహం కందగడ్డయింది. కలం తీసి అతని ముందుకు విసిరింది.

“వాడా నా మీద జాలిపడేది? పెట్టు సంతకం! రేపటికల్లా వాడు ఈ ఊళ్లో కనబడకూడదు.”