అరంగుళం

"ఈ ప్యాంటు నడుము దగ్గర అరంగుళం బిగించాలి మాస్టారూ," అన్నాడు కొత్తగా వచ్చిన పెద్దాయన.

టైలరు టేపు తీసి ఆయన నడుము కొలిచాడు. ప్యాంటూ కొలిచాడు. రెండూ పుస్తకంలో రాసుకున్నాడు.

"సరిగ్గానే ఉంది కదండీ!"

"లేదు లేదు, జారిపోతోంది. మీరు బిగించండి, నేనిక్కడ కూర్చుంటా."

స్టూలు లాక్కుని, గోడవారనున్న చేపల తొట్టె ముందు కూర్చున్నాడు. ఆయన కళ్ళజోడు ఎడమ కాడకి నల్లదారం చుట్టి ఉంది.

టైలరుకి సిగ్గేసింది. తొట్టెలో నీళ్ళు బియ్యం కడిగినట్టున్నాయి. ఉన్నది ఒక్కటే చేప, అరచెయ్యంత బంగారు చేప. అది మూల నక్కి కూర్చుని, ఆరు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. రెండు నెలల క్రితం పాతసామాన్ల వ్యాపారి దగ్గర తొట్టెతో సహా కొన్నాడు దాన్ని. ఇప్పుడు దానికేమైనా అయితే తను తట్టుకోలేడు.

"ఆ బెంగతో నిన్న ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టారండీ," గుండీలు కుడుతూ చెప్పింది టైలరు భార్య.

పెద్దాయన నవ్వలేదు. బల్ల మీద పరిచిన కాగితం వైపు చూశాడు. దాని మీద సుద్దతో గీసిన మూడు గళ్ళున్నాయి.

"ఇదేం డిజైను?"

"చేపకి సంపండీ. తొట్టె కింద ఇంకో తొట్టె. పై నీళ్ళు గొట్టంలోంచి దిగుతాయి. మొదటి గదిలో స్పాంజి మురికిని ఆపుతుంది. చివరి గదిలో మోటారు నీళ్ళని మళ్ళీ పైకి తోస్తుంది."

"ఇంటికి సంపు కట్టించండి మహాప్రభో అని ఏడేళ్ళుగా మొత్తుకుంటున్నా. చేపకైతే వారంలో వచ్చేస్తోంది," అంది భార్య.

"మధ్య గదిలో ఏం వేస్తారు?" అడిగాడు పెద్దాయన.

"గులకరాళ్ళు."

"మొక్కలు పెట్టండి. మనీప్లాంటు కొమ్మలు, వేళ్ళు నీళ్ళలో ఉండేలా. కంటికి కనపడని మురికంతా వేళ్ళు లాగేస్తాయి."

"మొదట్లో పైన పెట్టి చూశానండీ. తెల్లారేసరికి కాడలే మిగిలాయి."

"ఆకు కనపడితే ఆగదది. అందుకే చేప పైన, మొక్క కింద. సరే, కింది తొట్టెలో నీళ్ళు ఎందాకా నింపుతారు?"

"అంచుదాకా! అంగుళం కూడా వృథా పోకుండా లెక్కేశా."

"కరెంటు పోతే?"

"మిషను ఆపేసి టీ తాగుతా."

"మీ సంగతి కాదయ్యా! మోటారు ఆగితే గొట్టాల్లో నీళ్ళూ, తొట్టె పైభాగంలో నీళ్ళూ కిందికి దిగిపోతాయి. అవెక్కడికి పోవాలి?"

టైలరు నేల వైపు చూశాడు. కుట్టడానికొచ్చిన బట్టల మూటలన్నీ అక్కడే ఉన్నాయి.

"వదులు పెట్టకుండా చొక్కా కుడతారా మాస్టారూ?"

"ఛఛ! ఊపిరాడదు."

"దీనికీ అంతే. నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి."

టైలరు నాలుక కరుచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అందరి బట్టలకీ వదులు పెట్టినవాడు, చేప దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాడు!

వెళ్ళబోతూ పెద్దాయన అద్దానికి రెండు వేళ్ళు ఆనించాడు. చేప మూలలోంచి కదిలి సగం దూరం వచ్చింది.

"మీ ప్లాను విని ధైర్యం వచ్చినట్టుంది దానికి," అంది భార్య.

నాలుగో రోజు పెద్దాయన మళ్ళీ అదే ప్యాంటుతో దిగాడు.

"బిగుతైపోయింది మాస్టారూ. అరంగుళం వదలండి."

టైలరు భార్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆయన పేరు అరంగుళం.

సంపు సిద్ధమైంది, కొమ్మలు వేలాడుతున్నాయి. అరంగుళం వంగి చూసి, మోటారు జోరు తగ్గించాడు.

"మొక్కల మధ్య నీళ్ళు పరిగెత్తకూడదు, నడవాలి. అమ్మా, ఉడికిన బఠాణీ ఒకటి పొట్టు తీసిస్తారా?"

ఆయన దాన్ని చిదిమి నీళ్ళలో చెయ్యి పెట్టాడు. చేప నేరుగా వచ్చి వేళ్ళ సందులోంచి తినేసింది.

"తిందే! తిందే!" టైలరు చిన్నపిల్లాడిలా అరిచాడు. ఆనందంతో కళ్ళు చెమర్చాయి. "చూశావా, నా సంపు మహిమ!"

"మీ సంపే," ఒప్పుకున్నాడు అరంగుళం.

పది రోజుల తర్వాత ప్యాంటు తీసుకెళ్ళడానికి వచ్చాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మనీప్లాంటుకి కొత్త ఆకు విచ్చుకుంది. ఆయన చాలాసేపు స్టూలు మీదే కూర్చున్నాడు.

"తొడిగి చూసుకోరా?" అడిగాడు టైలరు.

"అక్కర్లేదు మాస్టారూ. అంతా బాగుంది."

అంతే, మళ్ళీ రాలేదు.

నెల తర్వాత పాతసామాన్ల వ్యాపారి చొక్కా గుడ్డతో వచ్చాడు. తొట్టె చూసి నోరు తెరిచాడు.

"అబ్బో, నిగనిగలాడుతోందే! ఈ చేపని పెంచినాయన చూస్తే మురిసిపోయేవాడు. పదకొండేళ్ళు సాకాడట. ఒంటిగదిలోకి మారితే తొట్టె పట్టక నాకిచ్చాడు. ఎవరికిచ్చావ్, ఎవరికిచ్చావ్ అని నా ప్రాణం తీస్తే, మీ షాపు గుర్తులు చెప్పా."

టైలరు భార్య చేతిలో సూది ఆగింది.

"కళ్ళజోడుకి నల్లదారం ఉంటుందా అన్నయ్యా?"

"ఉంటుంది. నీకెలా తెలుసమ్మా?"

"ఇప్పుడెక్కడున్నారు?" గబగబా అడిగాడు టైలరు.

"పోయిన వారమే ఆ గది కూడా ఖాళీ చేసి ఊరు మారిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

కింద సంపులో నీళ్ళు మెల్లగా నడుస్తున్నాయి. చేప స్టూలు ఉన్న వైపే తిరుగుతోంది. టైలరు భార్య లేచి, కొంగుతో ఆ స్టూలు తుడిచింది.

టైలరు కొలతల పుస్తకం తెరిచాడు.

నడుము ముప్పై నాలుగు, ప్యాంటు ముప్పై నాలుగు. మొదటిసారి వచ్చిన రోజునే అది ఆయనకి సరిగ్గా సరిపోయింది.