చేపల తొట్టికి చోటు

"వంటగదిలో చేపల తొట్టి ఏంటే? నీకు గానీ మతి పోయిందా?" అంటూ లిఫ్టు మెకానిక్కు తన భార్య మీద ఇంతెత్తున లేచాడు.

హాలు మధ్యలో కొత్త అద్దాల తొట్టి ఖాళీగా కూర్చుంది. పక్కన బకెట్లో నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు ఎర్ర చేపలు నోళ్లు తెరుస్తూ, మూస్తూ ఉన్నాయి. కవరులో ఎక్కువసేపు ఉంచితే దక్కవని కొట్టువాడు మరీ మరీ చెప్పి పంపాడు. తెచ్చి గంట దాటింది. చోటు మాత్రం తేలలేదు.

ఈ తద్దినం తెచ్చిపెట్టింది డాక్టరు. "బీపీ ఇలాగే ఉంటే ఎక్కడో పడిపోతావయ్యా. రోజూ సాయంత్రం ఫోను కట్టేసి, అరగంట సేపు చేపల ముందు కూర్చో" అన్నాడు. బీపీ తగ్గడానికి తెచ్చిన చేపలు తొట్టిలోకి దిగకముందే దాన్ని నెత్తికెక్కించాయి.

"పొయ్యికి ఎడంగానే లెండి. ఇదిగో, ఈ గట్టు చివర" అంది భార్య. ముందర స్టూలు కూడా వేసి చూపించింది.

"నూనె పొగకి చేపలు బతుకుతాయా?"

"ఆ అరగంటా పొయ్యి వెలిగించను."

"ఒరేయ్, ఇలా రా!" లోపలి గదిలోంచి తల్లి కేకేసింది. "నా మంచం ఎదురుగా పెట్టు. నీకు కుర్చీ కూడా వేయించాను చూడు."

"అమ్మా, నీ గదిలో ఉన్నదే ఒక్క ప్లగ్గు. దానికి ఫ్యాను పెట్టి ఉంది. నీళ్లలోకి గాలి కొట్టే మోటారు నా నెత్తిన పెట్టుకోనా?"

"ఫ్యాను పీకెయ్. నాకేం ఉక్కపోతా పాడా!"

ఫ్యాను నిమిషం ఆగితే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి అంటున్న మాట ఇది! పైగా నిన్నటిదాకా చేప పేరెత్తితే చాలు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. మెకానిక్కుకి ఒళ్లు మండింది.

ఈలోపు కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. "నాన్నా, నా టేబుల్ పక్కన. పుస్తకాలన్నీ తీసి కింద పెట్టేశా. మంచం మీద నీకు దిండు కూడా వేశా."

"అక్కడ కిటికీలోంచి ఎండ పడుతుంది. వారం తిరక్కుండా నీళ్లు పాచి పట్టిపోతాయి."

"కిటికీ మూసేస్తా."

"అసలు నీకు చేపని చూస్తేనే జలదరింపు కదే! ఇందాక కొట్లో నా వెనక దాక్కున్నావు!"

"అలవాటైపోతుందిలే" అంది కూతురు.

మెకానిక్కు తల పట్టుకున్నాడు. వీళ్ల కంటే లిఫ్టు వెయ్యి రెట్లు నయం. మీట నొక్కితే చెప్పిన చోట ఆగుతుంది, ఎదురు చెప్పదు. ఈ తొట్టి అలా కాదు. నీళ్లు పోశాక నలుగురు పట్టినా కదలదు. పెట్టేది ఒక్కసారే, అదేదో సరిగ్గా పెట్టాలి.

అంతలో ఫోను మోగింది. "ఎన్నో అంతస్తులో ఆగింది? తలుపు లాగొద్దని చెప్పండి. మావాణ్ణి పంపిస్తున్నా" అని అతను మాట్లాడుతున్నంతసేపూ ముగ్గురూ, మంచం మీంచి తొంగిచూస్తున్న తల్లితో సహా, ఫోను వంక సవతిని చూసినట్టు చూశారు.

ఫోను జేబులో పెట్టాక అతనికి ఒక ఉపాయం తోచింది. పామూ చావదు, కర్రా విరగదు.

"ఎవరి మాటా వద్దు. హాల్లో పెడుతున్నా. అందరికీ కనిపిస్తుంది."

"హాల్లోనా!" ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. ఉప్పూ నిప్పూగా ఉండే అత్తాకోడళ్లు ఒక్క మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు.

"హాల్లో అయితే వచ్చేపోయేవాళ్లుంటారు" అంది భార్య.

"టీవీ ఉంది. నీ ఫోను ఛార్జరు కూడా ఇక్కడే ఉంది" అంది కూతురు.

"చేపలకి ఛార్జరుతో ఏం పనే?" మెకానిక్కు గొంతు చించుకున్నాడు.

మళ్లీ వాళ్లలో వాళ్లకే మొదలైంది.

"పెద్దదాన్ని, మోకాళ్లు పనిచేయనిదాన్ని, నాకు వదిలెయ్యకూడదటమ్మా?"

"ఇన్నేళ్లలో నేను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే కదా అత్తయ్యా!"

"మరి నేనో?" కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెకానిక్కుకి కణతలు టపటపా కొట్టుకున్నాయి. డాక్టరు చూస్తే అక్కడే సూది పొడిచేవాడు. వంగి బకెట్లోంచి చేపల కవరు తీశాడు.

"చాలు! ఈ చేపలూ వద్దు, ఈ తొట్టీ వద్దు! ఇప్పుడే పోయి ఆ కొట్టువాడి మొహాన కొట్టొస్తా!"

గుమ్మం దాకా విసురుగా నడిచి, ఒక్క క్షణం ఆగాడు. ఎవరో ఒకరు అడ్డం పడతారనుకున్నాడు. ఎవరూ పడలేదు. కూతురు తలుపు గడియ తీసింది. భార్య చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది.

అతనికి బుర్ర తిరిగిపోయింది. "ఇందాకటి నుంచీ వీటి కోసమేగా జుట్లు పట్టుకున్నారు! తిరిగిచ్చేస్తానంటే ఒక్కరూ వద్దనరేం?"

గోడ పట్టుకుని మెల్లగా హాల్లోకి వచ్చిన తల్లి విసుక్కుంది.

"చేపలదేముందిరా, ఇచ్చేసి రా. డాక్టరు కూర్చోమన్న ఆ అరగంట మాలో ఎవరి దగ్గర కూర్చుంటావో, ముందు అది తేల్చు!"