ఇద్దరు సుక్రులు

సుక్రు రాసిన కోడ్‌లో ప్రతి లైను పక్కనా ఎవరిదో మీసాల మొహం.

ఫోటోలో నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కాఫీ మొక్క పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"ఎవర్రా ఇతను?" అని ఫోన్లో కామేష్‌ని అడిగాను.

"ఎవరేటక్కా? సుక్రే కదా! ఊరు కూడా మీ డుంబ్రిగుడే అని ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది.

"మా కొండల్లో శుక్రవారం పుట్టిన మగపిల్లాడల్లా సుక్రేరా. బుధవారం పుడితే బుధు. అడగొద్దా?"

కామేష్ వైజాగ్‌లో చదువుతున్నాడు. ఈమధ్యే ఈ పనిలో మాతో చేరాడు. మా సుక్రుని ఎప్పుడూ చూడలేదు.

మా సుక్రు చేసింది ఒక యాప్. మా ఆదివాసీ ఒడియా మాటకు తెలుగు చెబుతుంది. కొండ దిగి ఆసుపత్రికి వెళ్లిన మా అమ్మలు నొప్పి ఎక్కడో చెప్పుకోలేక తిరిగి రాకూడదని చేశాడు.

కోడ్ అంతా అందరికీ తెరిచి పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఏ లైను ఎవరు రాశారో పక్కనే పేరు ఉంటుంది.

ఆ కోడ్ ఉన్న సైటు మూసేస్తున్నామన్నారు. అందుకే కొత్త సైటుకు మార్చాం. మార్చేటప్పుడు, పాత పేర్లలో ఏది ఎవరిదో చూపించాలి. ఆ మనిషి సరేనని నొక్కాలి.

కామేష్ సుక్రు అని వెతికాడు. ఒకాయన దొరికాడు. ఆయన సరేనని నొక్కేశాడు.

"వెనక్కి తీసెయ్యి."

"అవదక్కా. ఒకసారి ఒప్పుకుంటే ఇంక మార్చనివ్వదు. పాత సైటు కూడా నిన్ననే మూసేసారు. అయినా ఏటయిందని? రాసిందేదీ పోలేదు కదా."

"రాసినవాడు పోయాడురా."

అప్పటిదాకా కామేష్‌కి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోయిన వానల్లో, ఘాట్ రోడ్డు మీద, బైకు జారి. మాఘంలో మా పెళ్లి జరగాల్సింది.

లోకంలో అతని పేరు మిగిలింది ఈ కోడ్ పక్కనే. అదీ ఇంకొకరి పాలైంది.

కామేష్ ఆ మీసాలాయన నంబరు సంపాదించి ఇచ్చాడు. కడిగి పారేద్దామనే ఫోన్ చేశాను.

"ఎందుకు నొక్కావయ్యా నువ్వు? అవి నీవా?"

"మీ యాప్‌లో సోళ్లు, అదే రాగుల పేరు తప్పుగా ఉంటే ఓపాలి దిద్దినాను సెల్లీ," అన్నాడాయన బెదిరిపోయి. "ఇదీ అదే అనుకున్నాను. సుక్రువేనా అని అడిగింది. సుక్రునే కదా, నొక్కేసినాను."

"అవన్నీ మా సుక్రువి. అతను లేడు."

ఇంకా చాలా అందామనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

అటువైపు ఎవరో ఆవుల్ని అదిలిస్తున్నారు.

"అయ్యో తల్లీ," అన్నాడు. "ఫోన్ పెట్టీ. బేగి సేత్తాను."

ఆయనేం చేస్తాడు? చెయ్యడానికేం మిగిలింది? సైటునీ కామేష్‌నీ కలిపి తిట్టుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి మళ్లీ తెరిచి చూశాను.

మీసాల మొహం లేదు. ప్రతి లైను పక్కనా ఖాళీ గుండ్రం, దాని పక్కన సుక్రు అన్న పేరు.

ఫోన్ మోగింది.

"నా బొమ్మ తీసేసినాను సెల్లీ. పేరు ఎలాగూ ఒకటే, ఉండనీ. నానింక దాంట్లో ఏటీ రాయను, ఇంకో పేరు పెట్టుకుంటాను. ఆ తమ్ముడి బొమ్మ ఒకటి పంపు. ఎట్టేత్తాను."

"సరే అన్నా," అన్నాను.

ఫోన్‌లో ఫోటోలు తెరిచాను.

అరకు సంతలో నేను. కాఫీ తోటలో నేను. రైలు కిటికీ దగ్గర నేను, చాల్లే ఆపమని చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ.

కిందిదాకా వెతికాను. అన్నీ నావే, మా సుక్రు తీసినవే.