చిటికెడు రాగి

...పైగా నానో కణాలు ఒంటరిగా ఉండలేవు. వదిలేస్తే ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టి, పనికిరాకుండా పోతాయి. తనేమో మనుషుల మధ్య పడితే పనికిరాకుండా పోతాడు. వీరేందర్ ఇంకాసేపు ఇలాగే ఆలోచించేవాడు, బావ కొమురెల్లి భుజం తట్టకపోతే.

"బామ్మర్దీ, సీసా పట్టుకొని నిద్రవోతున్నవా?"

"లేదు బావా, ఆలోచిస్తున్న."

"జగిత్యాల కాలేజిల గన్నేండ్లు గీ రంగు పోగొట్టుడే జేసినవ్ గదా! మోరీల మళ్ల రంగునీళ్లు కనవడితే నా అద్దకం కార్ఖాన బంద్ అంటున్నడు ఆఫీసరు. గప్పుడు బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల దాటి పోతది. నీ పొడి పనిజేస్తదా?"

"చేస్తది."

"గింత పొడి గంత డ్రమ్ముల కరిగితే ఏం మిగుల్తది?"

"అది కరగది బావా. రంగును ఇరగ్గొడ్తది, తను మాత్రం ఉన్నట్లే ఉంటది."

"అచ్చం మీ అవ్వ లెక్క!" పకపకా నవ్వాడు కొమురెల్లి. "నువ్వు పెరట్లకు నడువు. నేను మోరీల పారవోసే నీళ్ల డ్రమ్ము పెట్టిస్త."

పెరట్లో డ్రమ్ము ఉంది. నిండా ఎర్రటి నీళ్లు.

ఏళ్ల తరబడి పరిశోధనలో మునిగిన వీరేందర్‌కు రంగంటే ఒకటే అర్థం: పోవాల్సింది. అక్క దీప గులాబి చీర కట్టుకుని ఎదురొచ్చినా, దానికి ఎంత పొడి పడుతుందోనని లెక్కేస్తాడు. మైలుతుత్తం నీళ్లలో చుక్కచుక్కగా మందు వేస్తూ, నీలం విరిగి రాగి కణాలు దిగేదాకా కాపలా కాసినవాడు. గాజునాళికలో ఎన్నోసార్లు గెలిచాడు. డ్రమ్ముడు నీళ్లలో మాత్రం ఎప్పుడూ వేసి చూడలేదు. ఓడిపోతే? ఓటమి కంటే, ఓదార్చడానికి చుట్టూ మూగే చుట్టాలంటేనే అతనికి భయం.

కళ్లు మూసుకుని, పొడి పనిచేయడానికి కావాల్సిన తోడుమందు గుమ్మరించాడు. సీసా మూత తిప్పి, రాగి పొడి వేసి, కర్రతో కలిపాడు.

బుడగలు లేచాయి. ఎరుపు గులాబి అయింది. గులాబి పలచబడింది. పొడి మెల్లగా అడుగుకు దిగింది. పైన తేటనీళ్లు, వాటిలో తన మొహం.

"బావా! రంగు పోయింది!" జీవితంలో మొదటిసారి అరిచాడు.

కొమురెల్లి పరుగున వచ్చి డ్రమ్ములోకి తొంగిచూశాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆనందమే అనుకున్నాడు వీరేందర్.

"బామ్మర్దీ, గది చీరలకు కలిపిన రంగు."