పలకని కార్డు

"కార్డు ఉంది. జవాబు లేదు."

పొద్దున్నుంచీ తెర మీద ఇదే పాట. డ్రైవరమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఆవిడ బండి నడిపే డ్రైవరు కాదు. యంత్రానికీ, అందులో దూర్చే మెమరీ కార్డుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని డ్రైవరంటారు. ఆవిడ రాసేది అది. ఈ సంగతంతా పక్కింటావిడకి వివరించే ఓపిక లేక అత్తగారు "మా కోడలు డ్రైవరు" అని ఊరుకున్నారు. ఆ పేరు ఎలా పాకిందో ఆఫీసు దాకా పాకింది.

ఈసారి పని గుండె పెట్టెది. ఛాతీకి తగిలించుకుంటే రోజంతా గుండె ఎలా కొట్టుకుందో కార్డులో రాసుకునే బుల్లి పెట్టె. కొనేవాళ్లు తాము వాడే రకం కార్డు ఒకటి పంపించారు. మీ పెట్టె దాంతో మాట్లాడితే చాలన్నారు. మాట్లాడితే ఒప్పందం ఖాయం, ఇంకా తాత్కాలికంగా వేలాడుతున్న డ్రైవరమ్మ ఉద్యోగమూ ఖాయం. మాట్లాడకపోతే రెండూ గోవిందా.

"శుక్రవారానికి పరీక్ష పాసవ్వాలి. ఎలా అవుతుందో నాకనవసరం. తెర మీద ఎర్రక్షరం కనబడకూడదు, అంతే," అన్నాడు మేనేజరు.

ఎలా అవుతుందో ఆయనకి నిజంగానే అనవసరం.

పెట్టె ఆవిడ కళ్లెదుట లేదు. వేరే ఊళ్లో ల్యాబులో ఉంది. ఇక్కడి నుంచే మీటలు నొక్కి దాన్ని నడపాలి. అక్కడ తాళాలకీ, ప్లగ్గులకీ, దుమ్ము తుడవడానికీ కలిపి ఒక్క పెద్దాయన ఉంటాడు. ఆయనకి ఫోన్ చేసింది.

"బాబాయ్, స్లాట్‌లో కార్డు సరిగ్గా ఉందా?"

"ఉందమ్మా. నల్లగా, బుద్ధిగా కూచుంది."

"ఒకసారి తీసి పెట్టండి."

"ఆఁ, పెట్టా. టిక్కుమంది."

టిక్కుమంటే బిగిసినట్టే. కార్డు వచ్చిందని పెట్టె కూడా ఒప్పుకుంటోంది. మరి ఇది పలకదేం?

మెల్లగా పలకరించింది. గట్టిగా పలకరించింది. కరెంటు కాస్త పెంచి చూసింది, తగ్గించి చూసింది. జవాబు కోసం ఆగే గడువు పొడిగించింది. ఉహూఁ. బెల్లం కొట్టిన రాయే నయం.

"ఇంత మొండిఘటాన్ని నేనెక్కడా చూళ్లేదు," అని విసుక్కుంటూ ఇంటికెళ్లింది.

ఇంట్లో ఇంకోటి ఉంది.

"కాఫీ తాగుతావా?" అని అడిగింది మొగుణ్ణి. ఫోన్లోంచి తల ఎత్తలేదు. కలిపి తెచ్చి ఇచ్చింది. తాగాడు.

"అడిగినప్పుడు పలకొచ్చుగా?"

"ఏమడిగావ్?"

డ్రైవరమ్మ ఖాళీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఈ మనిషి దేనికీ జవాబిచ్చిన పాపాన పోలేదు. తను అవుననే అనుకుంటూ వచ్చింది. సంసారం ఆగిందా? నిక్షేపంగా నడిచిపోతోంది. కూతురు బడికి కూడా వెళ్తోంది.

మర్నాడు రావడం రావడమే డ్రైవరు తెరిచింది. మొండి కార్డుల కోసం ఇలాంటి మినహాయింపులు రాయడం ఈ వృత్తిలో మామూలే. ఏ డ్రైవరు విప్పి చూసినా ఫలానా కార్డుకి ఫలానా చాదస్తం అని లోపల ఓ చేంతాడంత జాబితా ఉంటుంది. ఆవిడ దాని చివర ఇంకొకటి చేర్చింది. ఈ రకం కార్డుకి మాట తక్కువ. పలక్కపోతే కంగారుపడకు. ఆగి చూడకు. పలికిందనే అనుకో. ముందుకి పో.

పరీక్ష పెట్టింది. పరీక్షంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పెట్టె తన దగ్గరున్న కొన్ని అంకెలు కార్డులో రాయాలి, మళ్లీ వాటిని అదే చోటికి చదివి తెచ్చుకోవాలి, రెండూ పోల్చాలి. తేడా రాకూడదు.

తేడా రాలేదు. తెరంతా పచ్చగా నిండిపోయింది. రాసిన అంకెలు రాసినట్టే ఉన్నాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ పచ్చే.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. తెర చూసి నోరెళ్లబెట్టాడు.

"ఏంటమ్మా ఇంత స్పీడు! మనం చూసిన వాటిల్లో ఇంత జోరుగా రాసిన కార్డు ఇంకోటి లేదు!"

"మంచి కార్డేనండీ. కాస్త మితభాషి, అంతే," అంది డ్రైవరమ్మ. అన్నేసి మాటలన్నందుకు దాని మీద జాలి కూడా వేసింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆవిడ డ్రైవరుని గుండె పెట్టెలన్నిట్లోనూ ఎక్కించారు. మధ్యాహ్నానికల్లా మొదటి లోడు బయల్దేరింది. మేనేజరు కేకు తెప్పించి, అందరి ముందూ ఆవిడ ఉద్యోగం ఖాయమైందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. డ్రైవరమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడికి ఫోన్ చేసి చెబితే "ఊఁ" అన్నాడు. ఆయన లెక్కన అది ఉపన్యాసమే.

కేకు ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది. ల్యాబు పెద్దాయన.

"చెప్పండి బాబాయ్, మీ చలవే ఇదంతా!"

"నాదేముందమ్మా, ఏమనుకోకుండా ఒక్క మాట చెప్పు, వాళ్లు పంపిన కార్డు విప్పని కవర్లో బీరువాలోనే కనబడింది, స్లాట్‌లో ఉన్నది లోపలికి దుమ్ము పోకుండా పెట్టే ఉత్త ప్లాస్టిక్ బిళ్లట, ఇప్పుడు దాన్ని తీసేసి అసలుది పెట్టమంటావా?"